నాలుగు డోసులు వేసుకున్న 79 ఏళ్ల అధ్యక్షుడు: ఒక కోవిడ్ కేసు

2022 జులై 15న మన దేశంలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ప్రికాషన్ డోసు, అంటే కోవిడ్ టీకా మూడో డోసు, ఉచితంగా వేయడం మొదలుపెట్టారు. 75 రోజుల కార్యక్రమం. వారం తిరక్కముందే, జులై 21న, అమెరికా అధ్యక్షుడు జో బైడెన్‌కు కోవిడ్ పాజిటివ్ అని వార్త వచ్చింది. అప్పటికి ఆయన నాలుగు డోసులు వేసుకుని ఉన్నారు. మా ఓపీకి వచ్చే పెద్దవాళ్లు టీవీలో ఆ సంగతి చూసి అడగడం మొదలుపెట్టారు: "నాలుగు సూదులు వేయించుకున్నాయనకే వచ్చిందట గదా డాక్టరుగారూ, మాకీ మూడోది దేనికి?"

న్యాయమైన ప్రశ్నే. అయితే అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. టీకా వేసుకున్నాక వైరస్ సోకుతుందా అన్నది ఒకటి. సోకితే ఆస్పత్రిలో చేరాల్సి వస్తుందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు తెలిసిపోయింది కాబట్టి రెండోది అడగక్కర్లేదనుకుంటున్నారు. నాకు మాత్రం వైద్యుడిగా రెండోదే ముఖ్యం. అందుకే ఈ కేసును మా జూనియర్ డాక్టర్లతో కూర్చుని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చదివాను. బైడెన్ వ్యక్తిగత వైద్యుడు డాక్టర్ కెవిన్ ఓకానర్ ఆ రోజుల్లో విడుదల చేస్తూ వచ్చిన లేఖల వల్ల అది సాధ్యమైంది. ఒక దేశాధినేత ఒంట్లో సంగతి ఇంత వివరంగా బయటికి రావడం అరుదు. ఆయనకు వైద్యం చేసినవాణ్ని నేను కాదు. బహిరంగంగా ఉన్న వివరాల మీద ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన పరిశీలన మాత్రమే ఇది.

పాత జబ్బులు, టీకాలు

వయసు 79. 2021 నవంబర్‌లో జరిగిన పూర్తి ఆరోగ్య పరీక్షల నివేదికలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం. లక్షణాలేమీ లేవు, కానీ గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది కనుక అపిక్సబాన్ వాడుతున్నారు. మన దగ్గర "రక్తం పలచబడే మాత్ర" అంటామే, ఆ కోవలోదే. కొలెస్ట్రాల్‌కు రోసువాస్టాటిన్. అలర్జీకి మాత్ర, ముక్కులో కొట్టుకునే స్ప్రే. పొగ తాగరు, మద్యం ముట్టరు. 1988లో మెదడులో రక్తనాళం ఉబ్బితే ఆపరేషన్ జరిగింది. ఈ పాత సంగతి కోవిడ్ కేసులో ఎందుకు వస్తుందో ముందు ముందు చెబుతాను.

ఫైజర్ టీకా మొదటి డోసు 2020 డిసెంబర్ 21న, రెండోది 2021 జనవరి 11న. బూస్టర్లు 2021 సెప్టెంబర్ 27న, 2022 మార్చి 30న. అంటే ఆఖరి డోసుకూ జబ్బుకూ మధ్య పదహారు వారాలు. ఈ వ్యవధిని గుర్తుపెట్టుకోవాలి. టీకా తర్వాత రక్తంలో పెరిగే యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. ముక్కు, గొంతు దగ్గరే వైరస్‌ను ఆపాల్సింది ప్రధానంగా అవే. అవి పలచబడితే గుమ్మం దాటి లోపలికి వస్తుంది. దానికి తోడు అప్పటి బీఏ.5 రకం ఒమిక్రాన్ పాత యాంటీబాడీల కళ్లుగప్పడంలో ఆరితేరింది. కానీ ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండా అడ్డుకునే పని చాలావరకు రోగనిరోధక కణాలది: టీ కణాలది, వైరస్‌ను జ్ఞాపకం ఉంచుకున్న బీ కణాలది. వాటి బలం అంత తొందరగా కరిగిపోదు. జలుబు తగులుకున్నా ఆయాసం దాకా రాకపోవడానికి కారణం ఇదే.

మొదటి ఐదు రోజులు

జులై 20 సాయంత్రం ముక్కు కారడం, నీరసం, అప్పుడప్పుడూ పొడి దగ్గు. 21 ఉదయం యాంటిజెన్ పరీక్ష పాజిటివ్, పీసీఆర్‌లోనూ అదే ఖరారైంది. ఆ రోజే కోవిడ్ వైరస్‌ను అణచే మాత్రలు, పాక్స్‌లోవిడ్, మొదలుపెట్టారు. ఆ సాయంత్రం ఉష్ణోగ్రత 99.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్లి, మనం పారాసిటమాల్ అనే మందుతోనే దిగింది. నాడి, బీపీ, శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం మామూలుగానే ఉన్నాయి, అదీ బయటి ఆక్సిజన్ ఏమీ పెట్టకుండా. దగ్గుకు రోజుకు రెండు మూడుసార్లు ఇన్‌హేలర్ వాడారు, మన సాల్బుటమాలే. 23న గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు కనిపించాయి, ఊపిరితిత్తులు మాత్రం తేటగానే ఉన్నాయి. 25 నాటికి లక్షణాలు దాదాపు పోయాయి. 26 రాత్రి నెగటివ్, 27 ఉదయం మళ్లీ నెగటివ్. వైట్‌హౌస్ గడప దాటి ఆస్పత్రికి వెళ్లే అవసరం రాలేదు.

ఇక్కడ ఒక్క మాట. ఈ కేసులో అధ్యక్ష పదవి తెచ్చిపెట్టిన అసలు సౌకర్యం మందు అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో అది పరీక్ష. సాయంత్రం ముక్కు కారితే తెల్లారేసరికి జబ్బు పేరు తెలిసింది. అప్పట్లో రాజకీయ నాయకులు తరచూ పరీక్షలు చేయించుకునేవారు కాబట్టి లక్షణాలు లేని ఇన్‌ఫెక్షన్లు కూడా వాళ్లలో బయటపడేవి. అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌కు 2022 ఏప్రిల్ 26న పాజిటివ్ వచ్చినప్పుడు అసలు లక్షణాలే లేవు. అదే మా ఓపీలో అయితే, మొదటి రెండు రోజులు కషాయం, మూడో రోజు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న అజిత్రోమైసిన్, ఐదో రోజు ఆర్ఎంపీ దగ్గర ఒక సెలైన్ బాటిల్, ఏడో రోజున నా దగ్గరికి. పాక్స్‌లోవిడ్ లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు వేస్తేనే పనికొచ్చే మందు.

మందుల చీటీ

ఈ కేసులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన భాగం ఇదే.

పాక్స్‌లోవిడ్‌లో రెండు మందులుంటాయి. నిర్మాట్రెల్విర్ 300 మిల్లీగ్రాములు, రిటోనావిర్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. వైరస్ తన ప్రొటీన్లను ముక్కలుగా కోసుకునే ఎంజైమ్‌ను ఆపేది నిర్మాట్రెల్విర్. రిటోనావిర్‌కు కోవిడ్ వైరస్‌తో పనేమీ లేదు. కాలేయంలో మందుల్ని విరిచి బయటికి పంపే సీవైపీ 3ఏ4 అనే ఎంజైమ్‌ను అది కట్టిపడేస్తుంది, దాంతో నిర్మాట్రెల్విర్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. చిక్కు ఏమిటంటే, ఆ ఎంజైమ్ మీదే ఆధారపడ్డ మిగతా మందులు కూడా ఒంట్లో పేరుకుపోతాయి. బీపీకీ గుండెకూ రోజూ మాత్రలు మింగే మనిషికి ఇదే ప్రమాదం.

ఓకానర్ అపిక్సబాన్, రోసువాస్టాటిన్ రెండూ ఆపేశారు. పాక్స్‌లోవిడ్ వాడే ఐదు రోజులే కాదు, ఆ తర్వాత కూడా కొద్ది రోజులు. రిటోనావిర్ ప్రభావం ఆఖరి మాత్రతోనే పోదు, మూడు రోజుల వరకూ ఉంటుంది. రోసువాస్టాటిన్ ఆపడంలో ఆలోచించేదేమీ లేదు. పది రోజులు స్టాటిన్ లేకపోతే ఎవరికీ నష్టం రాదు. అపిక్సబాన్ సంగతి వేరు. ఆపకపోతే దాని మోతాదు రక్తంలో పెరిగి రక్తస్రావం కావచ్చు. ఒకప్పుడు మెదడు రక్తనాళానికి ఆపరేషన్ అయిన మనిషిలో ఆ భయం ఏ వైద్యుడికైనా కాస్త ఎక్కువే ఉంటుంది. ఆపితే గడ్డకట్టే ప్రమాదం. కోవిడ్ కూడా రక్తాన్ని గడ్డకట్టించే జబ్బే. 75 దాటిన వయసొక్కటే పక్షవాతపు ప్రమాదాన్ని లెక్కగట్టే స్కోరులో రెండు పాయింట్లు తెచ్చిపెడుతుంది. ఆ ఖాళీని పూరించడానికి ఆయన తక్కువ మోతాదు ఆస్పిరిన్ చేర్చారు.

నేనైతే ఇక్కడ తటపటాయించేవాణ్ని. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పక్షవాతాన్ని ఆపే విషయంలో ఆస్పిరిన్ అపిక్సబాన్‌కు దరిదాపుల్లోకి రాదు. ఇలాంటి ఎంజైమ్ అడ్డు మందులతో కలిపి వాడాల్సి వస్తే 5 మిల్లీగ్రాముల అపిక్సబాన్‌ను 2.5కు తగ్గించమని ఆ మందు లేబుల్‌లోనే ఉంది. సగం మోతాదుతో కొనసాగించడం నాకు ఎక్కువ నచ్చే దారి. అయితే మెదడు ఆపరేషన్ చరిత్రను, పేషెంటును ఏళ్ల తరబడి చూస్తున్న వైద్యుడి అంచనాను పక్కన పెట్టి తీర్పు చెప్పలేను. రెండు దారులకూ సమర్థన ఉంది. తప్పు ఎప్పుడవుతుందంటే, పాత మందుల చీటీ చూడకుండా పాక్స్‌లోవిడ్ రాసినప్పుడు.

ముక్కులో కొట్టుకునే స్ప్రే సంగతీ అంతే. 2021 నివేదికలో పేర్కొన్న ఆ స్ప్రేలో ఫ్లూటికాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. రిటోనావిర్‌తో కలిపి నెలల తరబడి వాడితే అది ఒళ్లంతా పాకి హార్మోన్ల తేడా తెస్తుంది. ఐదు రోజులకు భయం లేదు. కానీ "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే స్ప్రేల పేరు, కంటి చుక్కల పేరు ఎవరూ చెప్పరు. వాటి గురించి విడిగా అడగాలి.

మన ఊళ్లలో అరవై దాటినవాళ్ల మందుల సంచీ ఒకసారి చూడండి. అటోర్వాస్టాటిన్ ఉంటుంది, ఆపాలి. ఆమ్లోడిపిన్ ఉంటుంది, బీపీ బాగా పడిపోకుండా చూసుకోవాలి. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ ఉంటే పెద్దాయన రాత్రి లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడతాడు. నిద్రకు ఆల్ప్రజోలమ్ ఉంటే మత్తు రెట్టింపవుతుంది. కొత్తగా స్టెంటు వేయించుకుని క్లోపిడోగ్రెల్ మీద ఉన్నవాళ్లలో ఆ మందు పని తగ్గిపోతుంది. టీబీకి రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ లేదా కార్బమజెపిన్ వాడుతుంటే పాక్స్‌లోవిడ్ జోలికే వెళ్లకూడదు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు నిర్మాట్రెల్విర్ సగం చేయాలి, కాబట్టి షుగరున్న పేషెంటుకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా మొదలుపెట్టను. ఈ మందు మనకు అందనిదేమీ కాదు. దీని జెనరిక్ రూపాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు ఆమోదం మొట్టమొదట పొందినది మన హైదరాబాద్ కంపెనీ హెటెరో తయారుచేసినదే, 2022 డిసెంబర్‌లో.

ఇవ్వని మందులు

లేఖలన్నీ మళ్లీ మళ్లీ చదివినా స్టెరాయిడ్ మాట ఎక్కడా లేదు. యాంటీబయాటిక్ లేదు. జ్వరానికి పారాసిటమాల్, బాగా నీళ్లు, ఇన్‌హేలర్, ఐదు రోజుల మాత్రలు. ప్రపంచంలో ఏ మందైనా గంటలో తెప్పించుకోగల మనిషికి అంతే ఇచ్చారు.

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నవాళ్లకు ఈ మాట ఎందుకు ఎత్తుతున్నానో అర్థమవుతుంది. ఆక్సిజన్ 97, 98 చూపిస్తున్న పేషెంట్లకు రెండో రోజే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టిన చీటీలు నేను నా చేత్తో కొట్టేశాను. అప్పటికే బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చి ఏడాది కావస్తోంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో డెక్సామెథసోన్ మరణాలను 41.4 శాతం నుంచి 29.3కి తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో ఏ మేలూ కనబడలేదు. మందు ఇచ్చినవాళ్లలో 17.8 శాతం, ఇవ్వనివాళ్లలో 14 శాతం చనిపోయారు. ఆ తేడా ఖాయమని చెప్పలేం, కానీ మంచి వైపు మొగ్గు ఏమాత్రం లేదు. అనవసరపు స్టెరాయిడ్‌తో షుగర్ నాలుగు వందలకు పోయి, ఆ వెనకే బ్లాక్ ఫంగస్ వచ్చి కన్ను పోగొట్టుకున్నవాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. బైడెన్ కేసులో ఓకానర్ చూపిన నిగ్రహాన్ని నేను వైద్యంలో భాగంగానే లెక్కపెడతాను.

ఆస్పత్రి ప్రమాదాన్ని ఎలా అంచనా వేయాలి

ఒక్క మనిషికి "ఇంత శాతం" అని చెప్పే సూత్రం ఏదీ లేదు. ప్రమాదాన్ని పెంచేవి ఒకవైపు, తగ్గించేవి ఒకవైపు పెట్టి తూచాలి. బైడెన్ విషయంలో పెంచేవి ముఖ్యంగా వయసు, గుండె లయ. తగ్గించేవి నాలుగు డోసులు, పన్నెండు గంటల్లో రోగనిర్ధారణ, అదే రోజు మందు, పొగతాగని ఊపిరితిత్తులు.

పాక్స్‌లోవిడ్ గురించి అందరూ చెప్పే 89 శాతం అనే అంకెను ఆయనకు నేరుగా అంటగట్టకూడదు. అది టీకా వేసుకోని, ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగుల మీద జరిగిన ట్రయల్‌లోది. ఐదు రోజుల్లోపు మందు అందుకున్న 1,039 మందిలో 8 మంది ఆస్పత్రిలో చేరడమో చనిపోవడమో జరిగింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 1,046 మందిలో 66 మంది. బైడెన్ లాంటివారికి దగ్గరగా ఉన్నది ఇజ్రాయెల్‌లో క్లాలిట్ హెల్త్ సర్వీసెస్ అనే ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనం. ఒమిక్రాన్ కాలం, చాలామందికి టీకానో పాత ఇన్‌ఫెక్షనో ఇచ్చిన రక్షణ ఉంది. 65 దాటినవాళ్లలో మందు వాడినవారు ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. 40 నుంచి 64 ఏళ్ల మధ్యవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే టీకాలన్నీ వేసుకున్న నలభై ఐదేళ్ల ఆరోగ్యవంతుడు "బైడెన్‌కిచ్చిన మాత్ర నాకూ రాయండి" అంటే నేను రాయను.

ఈ కేసుతో పోల్చి చూడాల్సిన కేసులు మూడున్నాయి. 2020 అక్టోబర్‌లో డొనాల్డ్ ట్రంప్ వయసు 74, అప్పటికి టీకాలు రాలేదు. ఆక్సిజన్ తగ్గింది, వాల్టర్ రీడ్ ఆస్పత్రిలో మూడు రాత్రులు ఉన్నారు. రెజెనరాన్ కంపెనీ తయారుచేసిన యాంటీబాడీలు, రెమ్‌డెసివిర్, డెక్సామెథసోన్ మూడూ ఇచ్చారు. అదే పదవి, దగ్గర దగ్గర వయసు. ఈ తేడా అంతా టీకాదేనని మాత్రం అనలేను. వైరస్ రకం మారింది, మందులు మారాయి. ఇద్దరిని పోల్చి టీకాను నిరూపించలేం, అందుకు లక్షల మంది లెక్కలు వేరే ఉన్నాయి.

రెండోది అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్. రెండు డోసులు వేసుకున్నారు, అయినా 2021 అక్టోబర్ 18న 84 ఏళ్ల వయసులో కోవిడ్ సమస్యలతో చనిపోయారు. ఆ రోజు "టీకా పనిచేయలేదు" అని ఫోన్లలో తిరిగిన సందేశాల్లో మల్టిపుల్ మైలోమా అన్న మాట లేదు. యాంటీబాడీలు తయారుచేసేవి ప్లాస్మా కణాలు. మైలోమా ఆ కణాలకే వచ్చే క్యాన్సర్. టీకా చేసేది ఒంటికి పాఠం చెప్పడం. ఆ పాఠం నేర్చుకోవాల్సిన కణాలే జబ్బుపడితే ఎన్ని డోసులిచ్చినా స్పందన అరకొరగానే ఉంటుంది. బూస్టర్ వేసుకోవాల్సిన సమయంలోనే ఆయన జబ్బుపడ్డారు. కీమో తీసుకుంటున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఈ వరుసలోకే వస్తారు. వాళ్ల ఇంట్లో మిగతావాళ్లంతా టీకా వేసుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

మూడోది మన మన్మోహన్ సింగ్. 88 ఏళ్లు, షుగర్, రెండు బైపాస్‌లు. కోవాగ్జిన్ రెండో డోసు 2021 ఏప్రిల్ 3న వేసుకుంటే, ఏప్రిల్ 19న పాజిటివ్‌తో ఢిల్లీ ఎయిమ్స్‌లో చేరారు. రెండో డోసు పడ్డాక పూర్తి రక్షణకు కనీసం రెండు వారాలు పడుతుందనుకుంటే, ఆయన ఆ గీతను అప్పుడప్పుడే దాటుతున్నారు. దేశమంతా రెండో వేవ్ మండుతోంది. ఏప్రిల్ 29న కోలుకుని ఇంటికి వెళ్లారు. ఆ వయసుకు, ఆ గుండెకు, ఆ నెలలో అది చిన్న విషయం కాదు. ఆస్పత్రిలో చేరడాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. ఆక్సిజన్ పడిపోయి చేరడం వేరు, వయసు చూసి కనిపెట్టి ఉండటానికి చేర్చుకోవడం వేరు. లెక్కల్లో రెండూ ఒకే గడిలో పడతాయి.

లెక్కల్లోని ఇంకో మాయ కూడా మా జూనియర్లకు బోర్డు మీద వేసి చూపించాను. ఒక ఊళ్లో వెయ్యి మంది పెద్దవాళ్లకు కోవిడ్ వచ్చిందనుకోండి. తొమ్మిది వందల మంది టీకా వేసుకున్నారు, వంద మంది వేసుకోలేదు. వేసుకోనివాళ్లలో నూటికి పదిమంది, వేసుకున్నవాళ్లలో నూటికి ఒక్కరు ఆస్పత్రిలో చేరారనుకుందాం. అర్థం కావడానికి అనుకున్న అంకెలే ఇవి. వార్డులో పదిమంది టీకా లేనివాళ్లు, తొమ్మిదిమంది ఉన్నవాళ్లు కనిపిస్తారు. వార్డు చూసినవాడు "సగానికి సగం టీకా వేసుకున్నవాళ్లే" అంటాడు. అతను చెప్పేది నిజమే. ఆ వార్డుకు రాకుండా ఇంట్లోనే కోలుకున్న ఎనిమిది వందల తొంభై ఒక్క మందిని ఆయన చూడలేదు, అంతే.

మళ్లీ పాజిటివ్

జులై 27న ఐసోలేషన్ ముగించుకున్న బైడెన్‌కు, 28, 29 తేదీల్లోనూ నెగటివ్ వచ్చాక, 30న మళ్లీ పాజిటివ్ వచ్చింది. లక్షణాలు లేవు, తర్వాత కాస్త దగ్గు తిరిగొచ్చింది. దీన్నే రీబౌండ్ అంటున్నాం. ఐదు రోజుల మందు వైరస్‌ను అణచిపెడుతుంది, ఆపేసరికి మిగిలిన కొద్దిపాటి వైరస్ మళ్లీ తలెత్తుతుంది. మందుకు లొంగని కొత్త రకం పుట్టిందని దీని అర్థం కాదు. మందు వాడనివాళ్లలో కూడా ఇలా జరుగుతుంది. అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ ఆ మే నెలలోనే దీనిపై వైద్యులను హెచ్చరించి, మళ్లీ ఐదు రోజులు విడిగా ఉండమని చెప్పింది. రెండో విడత పాక్స్‌లోవిడ్ ఇవ్వలేదు. బైడెన్ మళ్లీ గదికే పరిమితమయ్యారు. ఆగస్టు 6న నెగటివ్, 7న మళ్లీ నెగటివ్. మొదటి పాజిటివ్ నుంచి లెక్కిస్తే పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆక్సిజన్ పడిపోయినట్టు లేఖల్లో లేదు.

రీబౌండ్‌తో నాకు ఫోన్ చేసేవాళ్లు సాధారణంగా ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో చేస్తారు, బాగా బెదిరిపోయి ఉంటారు. "రెండో గీత మళ్లీ వచ్చిందండీ" అంటారు. గీత సంగతి తర్వాత, ముందు ఆరు నిమిషాలు గదిలో నడిచి వేలికి ఆక్సీమీటర్ పెట్టమంటాను. 94 పైన నిలిస్తే, ఆయాసం లేకపోతే ఇంట్లోనే ఉండమంటాను. ఇంకో ఐదు రోజులు వేరే గది, మాస్కు, మనవళ్లకు దూరం. తర్వాత, ఆపిన మందులు ఏ రోజు మళ్లీ మొదలుపెట్టారో అడుగుతాను. అందులోనూ రక్తం పలచబడే మాత్ర. కోవిడ్ భయంలో దాన్ని మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోయిన పెద్దాయన ఒకరు మూడు వారాల తర్వాత మూతి వంకర పోయి క్యాజువాలిటీకి వచ్చారు. అప్పటి నుంచి, పాక్స్‌లోవిడ్ రాసే ప్రతి చీటీ మీదా "అపిక్సబాన్ మళ్లీ మొదలు" అని తేదీ వేసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబరు తీసుకుని, ఆ తేదీన నేనే ఫోన్ చేయిస్తున్నాను.